మా తలుపు మీద కంపెనీ సమన్లు

ఎయిర్‌పోర్టు వచ్చాక శంషాబాద్‌లో గది ఖాళీగా ఉంటే చాలు, దానికో కంపెనీ బోర్డు వేలాడేది. మా ముందరి గది కూడా అలాగే ఒక ప్లాట్ల కంపెనీకి కిరాయికి పోయింది. ఏడాది నిండకముందే వాళ్లు కుర్చీలు, టేబుళ్లు ఎత్తుకుపోయి బోర్డు మాత్రం వదిలేశారు. రేకు మంచిదని అమ్మ దాన్ని ఊడదీసి కోళ్ల గూటి మీద కప్పింది. వాళ్ల మనిషి ఒకడు అప్పుడప్పుడూ వచ్చి, కంపెనీ పేరున వచ్చిన ఉత్తరాలు పట్టుకుపోయేవాడు. గది ఖాళీ చేశారు గానీ చిరునామా ఖాళీ చేయలేదని మాకేం తెలుసు?

ఒకరోజు కోర్టు కాగితాలు తెచ్చే అమీనా వచ్చాడు. కంపెనీ మీద ఎవరో దావా వేశారట, సమన్లు తీసుకోవాలట.

"గా కంపెనీ ఎన్నడో పోయింది. ఇగ ఈడెవ్వరు లేరు" అంది అమ్మ. అతను చుట్టూ చూశాడు, బోర్డు లేదు. అదే రాసుకొని వెళ్లిపోయాడు. పీడ వదిలిందనుకున్నాం.

కొన్నాళ్లకు దగ్గరి ఊరు పాల్మాకుల నుంచి ఒకావిడ వచ్చింది. దావా వేసింది ఆమే. ఆమె పొలానికి పోయే బండ్లబాటకు అడ్డంగా ఆ కంపెనీ తన వెంచర్ గోడ కట్టేసింది. పక్కవాళ్ల చేలల్లోంచి మనిషి నడిచి పోవచ్చు గానీ ట్రాక్టరు పోదు. వానలు పడేలోగా దున్నకపోతే ఆ ఏడు పంట లేనట్టే. కంపెనీవాళ్లు కోర్టుకు రారు. వాళ్లకు తెలియజేసినట్టు రుజువు లేనిదే, వాళ్లు లేకుండా కోర్టు తీర్పు చెప్పదు.

"సర్కారు కాగితాలల్ల వాళ్ల ఆఫీసు మీ ఇల్లేనంట అక్కా" అంటూ ఆమె గూటి వైపు చూసి, "కోళ్లతోని కంపెనీ నడిపిస్తున్నవా ఏంది?" అంది. అమ్మ నవ్వి చాయ్ పెట్టింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఈసారి ఎవరూ తీసుకోకపోతే అమీనా సమన్లను తలుపుకు అంటించిపోతాడని, అడ్డుచెప్పొద్దని ఆమె బతిమాలింది.

"దర్వాజకు కోర్టు కాగితమా? చూసినోళ్లు మా ఇల్లు జప్తయిందనుకోరా? మా ఇజ్జత్ ఏం గావాలె?"

"దున్నక నా పొలం పడావు పడుతదక్కా" అంది ఆమె.

నాకు ఒళ్లు మండింది. ఎవరి కొట్లాటకో మన తలుపెందుకని ఆమె ముందే అన్నాను. ఆమె లేచి వెళ్లింది. అమ్మ నన్ను కసిరి, వాకిలి దాకా ఆమెను సాగనంపింది.

అమీనా మళ్లీ వచ్చిన రోజు అమ్మ గూటి మీది బోర్డు తీసి, కోళ్ల రెట్ట కడిగి, పాత మేకుకే తగిలించింది. "ఇగ అంటియ్యి. కాగితం ఎవలిదో అందరికి తెల్వాలె గదా" అంది. ఊళ్లో ఇంటిపరువు కాపాడుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం నాకైతే తట్టదు. అయినా దారినపోయే ప్రతివాళ్లూ ఆగి అడిగేవాళ్లు. అమ్మ చేటతో బోర్డు చూపించి విసుక్కునేది.

ఉత్తరాల మనిషి కూడా వచ్చాడు. తలుపు మీది కాగితం చదివి, ఫోన్‌తో ఫొటో తీసుకొని పోయాడు. వాయిదాకు మాత్రం కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. బాటకు అడ్డంగా ఉన్న గోడ తీసేయాలని, అవతలివాళ్లు లేకుండానే కోర్టు ఎక్స్‌పార్టీ తీర్పు ఇచ్చింది.

అప్పుడు మేలుకున్నారు కంపెనీవాళ్లు. తమకు నోటీసే అందలేదు, తీర్పు కొట్టేయండని అర్జీ పెట్టారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. పాల్మాకుల ఆవిడ తరఫున అమ్మ సాక్ష్యానికి వెళ్లింది. అమ్మ బోనెక్కుతుంటే నాకు భయమేసింది.

"ఆ సమన్లను మీరు కంపెనీవారికి అందజేశారా?" అని కంపెనీ వకీలు అడిగాడు.

"నేనెందుకిస్త సార్? వాళ్ల మనిషే వచ్చి సదువుకొని, ఫొటో గుంజుకొని పోయిండు."

"చూడండమ్మా, కబురు తెలియకుండా తీర్పు ఇస్తే అవతలివారికి అన్యాయం జరగదా?"

అమ్మ వెనక్కి తిరిగింది. వెనక బెంచీ మీద కూర్చున్న పాల్మాకుల ఆవిడను చూపించింది.

"మరి గోడ గట్టిననాడు ఈమెకు ఏం కబురు జేసిన్రు సార్?"

"అడిగినదానికే జవాబు చెప్పమ్మా" అన్నారు జడ్జిగారు. అమ్మ అన్న మాట రికార్డులోకి ఎక్కలేదు. వకీలు మాత్రం కాగితాలు సర్దుకొని కూర్చున్నాడు.

అర్జీ కొట్టేశారు. వానలకు ముందే గోడ తీశారు. ట్రాక్టరు లోపలికి పోతుంటే పాల్మాకుల ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చాక అమ్మ బోర్డు దింపి కోళ్ల గూటి మీద కప్పేసింది.