గులాబీ రంగు కోడిపిల్లలు

మా కోళ్ళఫారం అంటే పెద్దగా ఊహించుకోకండి. పాతపట్నం దాటాక కొండల వైపు పోయే దారిలో ఓ జీడితోట, అందులో రేకుల షెడ్డు, కొన్ని నాటుకోళ్ళు. మా ఆయనకి అది వ్యాపారం. నాకేమో, నిజం చెప్పేస్తే, పొద్దున్నే షెడ్డు తలుపు తీసి జీడిచెట్టు కింద చతికిలబడడానికి దొరికిన సాకు.

మాఘమాసంలో ఆ చోటు చూడాలి. చెట్లన్నీ పూతమీద ఉంటాయి. ఆ వాసన మంచుతో కలిసి నేలదాకా దిగుతుంది. ముందు పుంజు బయటికొచ్చి ఊరిపెద్దలా అటూ ఇటూ చూస్తుంది. దాని వెనక పెట్టలు తోసుకుంటూ వస్తాయి. ముందురోజు సాయంత్రం పేడా గడ్డీ కూరి బోర్లించిన కుండని ఎత్తానంటే కింద చెదలు బిలబిలలాడుతుంటాయి. తల్లికోడి ఒక చెదపురుగుని ముక్కున పట్టి, కింద పెట్టి, మళ్ళీ పట్టి పిలుస్తుంది. పిల్లలన్నీ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పరుగు. ఆకుల సందుల్లోంచి ఎండ పడితే వాటి వీపుల మీది నూగు మెరుస్తుంది. చేతిలో టీ చల్లారిపోతుంది, నేను పట్టించుకోను.

ఈ ఏడు ఆ చోటుకి గద్ద తగులుకుంది. నా కళ్ళముందే రెండు పిల్లల్ని తన్నుకుపోయింది. మా ఆయన ఫోన్లో ఏవో వీడియోలు చూసి, పాతపట్నం నుంచి నైలాన్ వల తెచ్చి షెడ్డు ముందు పడేశాడు.

"ఇంకొక్క పిల్ల పోయిందంటే కోళ్ళన్నిటినీ వల్లోనే ఎట్టేస్తాను. తోట్లోకి ఒదిలీది నేదు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కోళ్ళు వలలో ఉంటే నేను చెట్టు కింద కూర్చుని చూసేదేమిటి, వలనా? ఆ పొద్దుటి కాసేపే నా రోజంతటికీ ఆధారం. ఆ ముక్క ఆయనతో చెప్పడానికి రోషం అడ్డొచ్చింది. పనీపాటా లేనిదానివి అంటాడేమోనని.

అందుకే రంగు కలిపాను. మా వైపు కోడిపిల్లలకి రంగు పుయ్యడం కొత్తేమీ కాదు, రంగుపిల్లని గద్ద ముట్టదని నమ్మకం. సంతలో కొన్న గులాబీ రంగు పొడిని మూకుట్లో కలిపి, పిల్లల్ని ఒక్కొక్కటే పట్టుకుని తలా తోకా వదలకుండా పూసేశాను. ఎండలో ఆరాక ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను. నా తెలివికి నేనే మురిసిపోతూ తీసుకెళ్ళి తల్లి దగ్గర వదిలాను.

తల్లికోడి ఒక అడుగు వెనక్కి వేసింది. మెడ ఈకలు నిక్కబొడుచుకుని, ముందొచ్చిన పిల్లని ఠక్కున పొడిచింది. తర్వాతదాన్నీ పొడిచింది. అవేమో కీచుమంటూ దాని రెక్కల కిందికే పోతున్నాయి. అదేమో ఎవరి పిల్లలో తన మీదికి వచ్చిపడ్డట్టు తరుముతోంది. గబగబా పిల్లల్ని ఏరి గంప కింద మూశాను.

ఆ గోల విని మా అత్త వచ్చింది. చూసి నెత్తి కొట్టుకుంది.

"నెత్తికి కూడా పూసేసినావేటే? వీపు మీద కూసింత సుక్క ఎడితే సాల్దా? ముకం సూసే కదే తల్లి పోల్సుకుంటాది!"

"ఇప్పుడేటి సెయ్యాలత్తా?"

"ఏటి సేత్తావు? సాయంత్రానికి తల్లి దగ్గిరికి రానిత్తే సరి. నేకపోతే ఇంటికి అట్టుకుపోయి బల్బు కింద ఎట్టుకో."

బల్బు కింద బతుకుతాయి సరే. తల్లి వెంట తోటలో తిరగడం మాత్రం ఇక ఉండదు. ఆ వలకి నా చేతులతో నేనే గుంజ పాతుకున్నట్టయింది. ఏడుపొచ్చింది.

ఇంకో పిల్ల పోయేదాకా కూడా ఆగకుండా, మధ్యాహ్నమే మా ఆయన వల కట్టడానికి వెదురుకర్రలతో వచ్చాడు. గంప కింద పిల్లల్ని చూసి, "ఏటే, తిరనాల్లో కొన్నావా?" అని పగలబడి నవ్వి, గునపం అందుకుని గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. ఉండబట్టలేక నేను గంప ఎత్తి పిల్లల్ని మరోసారి వదిలాను. తల్లికోడి దూరంగా చెట్టు మొదట్లో నిలబడి చూస్తోంది. ఒక్కదాన్నీ పిలవలేదు.

అప్పుడే నేల మీద గద్ద నీడ జారింది.

తల్లికోడి గొంతు మారిపోయింది. ఒకటే సాగదీసిన కేక. పొద్దుటినుంచి పొడుపులు తిన్న పిల్లలు ఆ కేక వినగానే నేరుగా దాని మీదికే పరుగెత్తాయి. అది రెక్కలు విప్పి ఒంగింది. ఒక్కదాని ముఖమూ చూడలేదు. అన్నీ లోపలికి దూరిపోయాయి. గద్ద కొమ్మల ఎత్తుకి దిగింది. కోడి ఈకలన్నీ ఉబ్బించి, మెడెత్తి, దానికేసే చూస్తూ కదలకుండా కూర్చుంది. గద్ద ఒక చుట్టు తిరిగి కొండవైపు మళ్ళింది.

గద్ద పోయినా కోడి లేవలేదు. కాసేపటికి రెక్క సందులోంచి ఒక గులాబీ తల బయటికొచ్చింది. కోడి మెడ వంచి దాన్ని చూసింది. ముక్కు దించి, ఆ తలకి అంటుకున్న జీడిపూత రేకుని మెల్లిగా ఏరింది.

గునపం చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. మా ఆయన వచ్చి నా పక్కన చెట్టు కింద కూర్చున్నాడు. పిల్లలు ఒక్కొక్కటే తల్లి వీపెక్కి జారుతున్నాయి. అవి చూస్తూనే నోరు తెరిచాను.

"మావా, నాను రోజూ పొద్దున్నే ఇక్కడ కూకునీది పనికి కాదు. ఇది సూడ్డానికే."

ఆయన నా వైపు తిరగలేదు. పిల్లల మీదినుంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు:

"రేపు నన్నూ లేపు."