ఆరు, ఐదు

అమెరికాలో, డులూత్‌లోని ఒక బడి వంటగదిలో లొరెట్టా అంత వేగంగా ఉల్లిపాయలు తరిగేవాళ్లు లేరు. తరిగేటప్పుడు ఆమెకు కన్నీళ్లు రావు. రెండేళ్ల కిందట మొగుడు రుయి, పదిహేను రోజుల్లో తెస్తానని ఆరేళ్ల కూతురు విన్నీని పోర్చుగల్ తీసుకెళ్లి అక్కడే ఉంచేసుకున్నాడు. ఉన్న నీళ్లన్నీ అప్పుడే అయిపోయాయంటుంది.

ఇలా పిల్లల్ని పోగొట్టుకుని, వెళ్లి తెచ్చుకునే స్తోమత లేనివాళ్లకు సర్కారు ప్రయాణ ఖర్చులిస్తుంది. ఒక్కసారే ఇస్తుంది. అదీ అక్కడి కోర్టులో విచారణ తేదీ ఖరారైతేనే. ఏప్రిల్ మొదట్లో పోర్చుగల్‌లోని బ్రాగా కోర్టు నుంచి కాగితం వచ్చింది. పోర్చుగీసు మాట ఒక్కటీ అర్థం కాలేదు కానీ అంకెలు అర్థమయ్యాయి. 6/5, మధ్యాహ్నం రెండు గంటలు.

"జూన్ ఐదు! బోలెడు టైముంది మేడమ్," అన్నాడు సాయం ఆఫీసులో ఆష్బీ. మంచివాడే. వెళ్లేటప్పుడు ఒక సీటు, వచ్చేటప్పుడు రెండు, పక్కపక్కనే వేయించాడు.

మే నెలలో ఒక పొద్దున ఆమె ఫోన్‌కు ఏదో విదేశీ నంబరు నుంచి నాలుగుసార్లు కాల్ వచ్చింది.

"ఎత్తకే తల్లీ," అంది పక్కన బంగాళాదుంపలు చెక్కుతున్న బెర్నిస్. "లాటరీ తగిలిందంటారు, మా ఆయనకి అట్లాగే పంగనామం పెట్టారు. అయినా ఆయనకి నేను తగిలాక ఇంకో లాటరీ ఎందుకో!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వును లొరెట్టా ఇప్పటికీ క్షమించలేదు.

జూన్ ఐదున, డులూత్ చలికని విన్నీకి కొన్న కొత్త కోటు ఒళ్లో పెట్టుకుని బ్రాగా కోర్టు వరండాలో కూర్చుంది. ఎవరూ పిలవలేదు. చివరికి గుమస్తా ఆమె కాగితం చూసి, రిజిస్టరు తిరగేసి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. "ఇప్పుడొచ్చారేంటమ్మా? ఇది మే ఆరు కదా?"

"ఆరు ముందుంది. మాకు ముందుండేది నెల, ఆరంటే జూనే కదండీ?"

"మేం రోజు ముందు రాస్తాం, నెల తర్వాత. మీ తరఫున కోర్టు పెట్టిన వకీలు ఆ రోజు ఫోన్ మీద ఫోన్ చేశాడు. మీరు ఎత్తలేదు. తల్లికి ఆసక్తి లేదని జడ్జిగారు పాపను తండ్రికే ఇచ్చేశారు. అప్పీలు గడువూ దాటిపోయింది."

గుమస్తా అక్కడితో ఊరుకుంటే పోయేది. జాలి పడేవాళ్లకు నోరు కట్టుకోవడం రాదు.

"పాపం, ఆ రోజు మీ పాప కోర్టు మెట్ల మీదనుంచి కదిలితే ఒట్టు. మా అమ్మ విమానం లేటైందేమో అని సాయంత్రం దాకా అందరికీ చెప్పింది. వాళ్ల నాన్నే ఎత్తుకెళ్లాడు, ఇక రాదులే అంటూ."

తిరుగు విమానంలో కిటికీ పక్కన రెండో సీటు ఖాళీగా వచ్చింది. ఎవడో దాని మీద కోటు పెట్టుకోవచ్చా అని అడిగితే లొరెట్టా వాణ్ని కసిరింది. అక్కడ పెట్టాల్సిన కోటు ఆమె ఒళ్లోనే ఉంది.

సాయం తీసుకున్నందుకు నివేదిక పంపాలి. బిడ్డ తిరిగి రాకపోతే కారణం రాయాలి. ఆ గడిలో లొరెట్టా 6/5 అని మాత్రం రాసి పంపింది.

వారానికి ఆష్బీ ఫోన్ చేశాడు.

"మేడమ్, తేదీ సరిగ్గానే ఉంది కదా. జూన్ ఐదునే కదా మీరు వెళ్లింది? మరి కారణం రాయలేదేం?"