శిక్షణకు పోయి తాళంచెవి తెచ్చుకున్నాం

సిరిసిల్లలో మా కులసంఘం పెద్దలకు ఓసారి యువతను నాయకులుగా తయారుచేయాలన్న బుద్ధి పుట్టింది. తయారయ్యాక ఆ నాయకులను ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం వాళ్లు ఆలోచించలేదు. పన్నెండు మందిని ఏరి మూడు రోజుల శిక్షణకు కోరుట్ల పంపారు. అందులో అమ్మాయిలం నలుగురం. ఫొటోలో బాగుంటుందని మమ్మల్ని కలిపారని నా అనుమానం. అనుమానమేమిటి, అధ్యక్షుడే ఆ మాట అన్నాడు.

నా కన్ను మాత్రం సంఘ భవనంలోని వెనక గది మీద ఉంది. వంటపాత్రలు, విరిగిన కుర్చీలు పడేసి దానికి తాళం వేసి ఉంచేవారు. అప్పట్లో నేను ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. మా ఇంటి గోడ అవతలే సాంచలు. మరమగ్గాలను మేం అలాగే అంటాం. తెల్లారింది మొదలు టకటకలే, ఒక్క ముక్క తలకెక్కేది కాదు. శిక్షణ అయ్యాక యువజన విభాగానికి కార్యదర్శినైతే ఆ గదిని అమ్మాయిల చదువుకు ఇప్పించవచ్చని నా ఆశ.

శిక్షణ ఇచ్చే మేడం జగిత్యాల నుంచి వచ్చేది. మొదటి రోజే చెవులు మూసుకుంది.

"మెల్లగ మాట్లాడుండ్రి తల్లీ, నేను గీడనే ఉన్న గదా!"

సాంచల మధ్య పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటం ఎక్కణ్నుంచి వస్తుంది? మాకు అరవడం వచ్చు, లేదంటే సైగలు వచ్చు. పిడికిలి పైకెత్తితే సాంచ ఆపమని అర్థం. పాఠం విసుగు పుట్టినప్పుడల్లా ఆ మూల నుంచి ఈ మూలకు సైగలతోనే ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం. మేడం చీర మీద కూడా చర్చ జరిగింది. ఎంత బుద్ధిగా వింటున్నారోనని ఆవిడ మురిసిపోయింది పాపం.

సర్టిఫికెట్లు ఇచ్చే రోజు సిరిసిల్లలో మా సంఘ భవనం నిండిపోయింది. అధ్యక్షుడు లేచి, యువజన కార్యదర్శిగా తన కొడుకు పేరు చదివాడు. ఆ అబ్బాయి శిక్షణకు వచ్చింది ఒక్క పూట, అదీ భోజనాల వేళకు. నాకు ఒళ్లు మండింది. మా సంఘంలో ఓట్లు వేసే పద్ధతి లేదు. సమ్మతమేనా అని అధ్యక్షుడు అడుగుతాడు, జనం చప్పట్లు కొడతారు, అంతే. ఏం చదివారో వినకపోయినా కొడతారు.

"అందరికి సమ్మతమేనా?" అన్నాడాయన.

వేదిక పక్కన ఉన్న నేను పిడికిలి పైకెత్తాను. నన్ను చూసి మిగతా ముగ్గురు అమ్మాయిలూ లేచి ఎత్తారు. హాలులో లేచిన చేతులు లేచినట్టే ఆగిపోయాయి. అందరూ సాంచలు నడిపేవాళ్లే, పిడికిలి కనబడితే ఆగకుండా ఎలా ఉంటారు? మా అమ్మయితే చప్పట్లకు చాచిన చేతులు గాలిలోనే ఉంచి, పోగు ఎక్కడ తెగిందా అని అటూ ఇటూ చూసింది.

మైకు పాడైందనుకుని అధ్యక్షుడు దాన్ని రెండుసార్లు తట్టాడు. "ఏమైంది? సప్పట్లు గొట్టరేంది?"

"పెద్దబాపూ, ఎనుక రూము తాళంచెవి మాకియ్యుండ్రి! ఆడివిల్లలం సదువుకుంటం. గప్పుడు మీ కొడుక్కు సప్పట్లు గొడ్తం!" అని అరిచాను. మైకు లేకుండానే వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

హాలంతా నవ్వులు. మా అమ్మ అందరికన్నా ముందు నవ్వి, ఆ తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన కొడుకు తండ్రి దగ్గరికెళ్లి, "ఇయ్యరాదే బాపూ, ఇజ్జత్ వోతున్నది," అని గొణిగాడు. ఆ గొణుగుడు మైకులో అందరికీ వినబడింది. తాళంచెవి చేతికొచ్చింది, చప్పట్లు కొట్టాం. పదవి మాత్రం అతనికే పోయింది. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ ఉంది.

గది కడిగి, పాత్రలు ఓ మూలకు జరిపి, తొమ్మిది మందిమి చాపల మీద చదువుకు కూర్చున్నాం. పది రోజులకు అధ్యక్షుడు వచ్చాడు. తాళంచెవి వాపసు అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన వెనక, ఇంటర్ తప్పిన చిన్న కూతురు పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉంది.

"బిడ్డా, దీనికి గింత జాగ ఉంటదా?"

కాస్త బెట్టు చేద్దామనిపించింది. కానీ ఆ పిల్ల తలెత్తడం లేదు. జరిగి నా పక్కనే చోటిచ్చాను. ఆయన వెళ్లిపోయేదాకా ఆగి, పిల్ల నా చెవిలో చెప్పింది.

"అక్కా, నిన్ను అడుగనీకి బాపు మూడు దినాల సంది జంకుతుండు."