పోచారం చౌకీలో మోతి పురుడు

మేము పోచారం అడవి అంచుకు చేరేసరికి ముసురు పట్టి ఉంది. కామారెడ్డిలో రైలు దిగి, ఎల్లారెడ్డి మీదుగా ఎడ్లబండిలో వచ్చాం. చౌకీ అంటే మట్టి గోడలు, పెంకుల కప్పు, రెండు గదులు. ఒకదాంట్లో తుపాకులు, ఇంకోదాంట్లో జవాన్లు. వెనుక వసారా మాకు. మా ఆయన సర్కారు జవాను. యుద్ధం రోజులు కాబట్టి చౌకీలో మనుషులు తక్కువ, గస్తీ ఎక్కువ. ఒంటి మీద వర్దీ ఆయనది. అయినా ఆ వానాకాలం నాకూ ఒక డ్యూటీ పడింది.

దిగిన పూటే చౌకీకి పెద్దయిన జమేదారు సాబ్ నన్ను పిలిపించారు. అరుగు మీద గోధుమరంగు కుక్క ఒకటి, నిండు పొట్టతో, ఒక్కచోట పడుకోలేక తిరుగుతోంది.

"ఇది మోతి. చిరుత ఇటు దిక్కు వస్తే మాకంటే ముందుగాల దీనికే తెలుస్తది. పోయినసారి ఈనితే ఒక్క పిల్ల గూడ దక్కలె. ఈసారి జిమ్మా నీదే, బహెన్."

"కుక్క పురుడు నేనెన్నడు చెయ్యలె సాబ్."

"మేం మాత్రం చేసినమా? మాకు తుపాకి తుడుసుడే వస్తది."

మా ఆయన నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు.

తోడుకు లింగంపేట నుంచి బాలవ్వను పిలిపించారు. చౌకీలోని ఒక జవానుకు తల్లి. ఎన్నో పురుళ్లు చూసిన మనిషి. ఆమె చెప్పింది, నేను చేశాను. పాత ధోవతులు ఉడకబెట్టి పొయ్యి పక్కన ఆరేశాను. తుపాకుల గది మూలన గోనెసంచుల మీద వరిగడ్డి పరిచాను. వేపాకు కాచిన నీళ్లు, పసుపు, నువ్వుల నూనె, దూది వత్తులు, మేకపాలు సిద్ధం చేశాను. శొంఠి, వాము, బెల్లం దంచి, బాలింతలకు పెట్టే కాయం ముద్దలు చేశాను. అన్నీ ఉన్నా మనసు నిలవలేదు. చెయ్యి పొయ్యి మీద, కన్ను మోతి మీద. దేవుడికి దీపం పెట్టేటప్పుడు కూడా చెవి అటే.

జవాన్లు గస్తీకి వెళ్లిన పొద్దున మోతి ఈనింది. ఐదు పిల్లలు. ఒకదాని మీద పొర చిరగలేదు. గోటితో చీల్చి, ముక్కు తుడిచి, ధోవతి గుడ్డతో రుద్దాను. కీచుమంది. కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను.

అవ్వ మోతికి కాయం ముద్ద తినిపించింది. తలుపు మూసి సాంబ్రాణి వేసింది. నేను నీళ్ల ముంత తెచ్చాను. అవ్వ దాన్ని గడప అవతల పెట్టేసింది.

"పచ్చి బాలింతకు నీళ్లా? సల్వ చేస్తది బిడ్డా. అటే ఉండనియ్యి."

మా ఇండ్లలో పురిటి ఆచారం అదే. మా అమ్మకూ అలాగే చేశారు. ముంతను అక్కడే వదిలేశాను.

మర్నాటికి మోతి ముక్కు ఎండిపోయింది. నాలుక వేలాడేసి రొప్పుతోంది. పాలు రావడం లేదు. పిల్లలు పొట్ట కింద తడుముకుని, విడిచి, ఏడుస్తున్నాయి. వత్తితో మేకపాలు పోశాను. రెండు మింగలేకపోయాయి. అవ్వ ఇంకొంచెం శొంఠి పెట్టింది. నేను లోపలికి, బయటికి తిరుగుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం గస్తీ తిరిగి వచ్చింది. జమేదారు సాబ్ తడిసిన కోటుతోనే తలుపు బార్లా తెరిచారు. ఆయన కాళ్ల సందులోంచి మోతి వానలోకి దూకింది. చూరు కింద వాననీళ్లు నిండిన గోలెం ఉంది. ముందుకాళ్లు దాని అంచున వేసి మూతి ముంచింది.

అవ్వ చీపురు ఎత్తింది. "ఆపుండ్రి! సస్తది!"

"ఆగవ్వా," అన్నాడు మా ఆయన, చీపురు పట్టుకుని. "దాని మూతి జూడు, ఎట్ల ఎండిందో. పిల్లలను ఇడిసి వచ్చిందంటే ఎంత దూపైతే వచ్చింది!"

అవ్వ చెయ్యి దిగింది. మోతి తాగింది. ఊపిరి తీసుకుని మళ్లీ తాగింది. మా వైపు చూడకుండా లోపలికి పోయి పిల్లల పక్కన పడుకుంది. చీకటి పడకముందే గదిలో గుటకల చప్పుడు వినిపించింది. మింగలేనివాటిలో ఒకటి దక్కలేదు. నాలుగు దక్కాయి. ఆ నాలుగింటికీ దేవుడికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

వానలు తగ్గాక బదిలీ అయింది. కామారెడ్డికి తిరిగి వచ్చాం. చిరుతను చూశావా అని ఇరుగుపొరుగు వాళ్లు అడుగుతారు. అడుగుజాడలే చూశానని చెబుతాను. నాకు గుర్తొచ్చేది వేరు.

మోతి నీళ్లు తాగిన మర్నాడు పొద్దున. అవ్వ తనే ముంత నింపుకొచ్చి, గొంతుక్కూచుని, మోతి ముందు గిన్నెలో పోస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డానని ఆమెకు తెలియదు.

"తాగు బిడ్డా, తాగు. ఆరుగురిని కన్న. ఒక్క పురుట్ల గూడ నాకు కడుపునిండ నీళ్లు పొయ్యలె."

గిన్నె ఖాళీ అయింది. అవ్వ మళ్లీ నింపింది.