తాళం లేని కారు షెడ్డు

నా చిన్నప్పుడు గోపాలపట్నంలో మా వీధి మొత్తానికి ఒకటే కారు, అది మా తాతయ్యది. పోర్టుకి లారీలు తిప్పిన మనిషి, పెద్దతనంలో ముచ్చటపడి ఒక పాత నల్ల కారు కొనుక్కున్నాడు. కారు కన్నా ముందే దానికి షెడ్డు కట్టించాడు. సిమెంటు గచ్చు, పైన రేకులు, రెండు రెక్కల ఇనప తలుపులు, వాటికి అరచెయ్యంత తాళం. ఉప్పు గాలి ఇనుమునెలా తినేస్తుందో పోర్టులో కళ్ళారా చూసినవాడు కదా, ఆ భయం. సాయంత్రం కారుని లోపల పెట్టి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, తాళం వేసి, అది పడిందో లేదో మళ్ళీ లాగి చూసేవాడు. మా నాయనమ్మ, "మనవల్నయినా ఇంత ముద్దు సెయ్యరు" అని దెప్పేది.

మా ఎదురింటి కింది వాటాలో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక అక్కా, వాళ్ళాయనా అద్దెకుండేవారు. ఆయనకి పోర్టులో ఉద్యోగం. అక్కకి ఇంకా పిల్లల్లేరు, అందుకని నా జడ ఆవిడే వేసేది. ఆ ఇల్లుగలాయన పైవాటాలో ఉండేవాడు. పండక్కి వాళ్ళింట్లో చేసినవి ముందు కింది వాటాకే దిగేవి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆయన చెడ్డవాడు కాడు.

ఆ ఎండాకాలం అక్క వాళ్ళాయన జ్వరం తిరగబెట్టి ఆస్పత్రిలో పోయాడు. మిట్టమధ్యాహ్నం వ్యాన్‌లో తీసుకొచ్చారు. ఊరి నుంచి అత్తమామలు రైలెక్కి వచ్చేసరికి తెల్లవారుతుంది, అప్పటిదాకా ఇంట్లో ఉంచాలని అక్క ఆశ. ఇల్లుగలాయన గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. తిట్టలేదు, అరవలేదు, రెండు చేతులూ జోడించాడు.

"నాకూ కడుపు తరుక్కుపోతంది తల్లీ. కానీ ఆ నచ్చత్రం మంచిది కాదంట. లోపలికి తెత్తే ఆర్నెల్లు ఇల్లు మూసీమంటారు. పైన నా పిల్లలున్నారు, ఏటి సెయ్యను?"

వీధంతా తలలు దించుకుంది. ఎవరిల్లు వాళ్ళకుంది, ఎవరూ రమ్మనలేదు. వ్యాన్‌లో ఆయన, గేటు బయట అక్క. ఆవిడ ఏడవడం కూడా మానేసి ఆ తలుపు వైపే చూస్తోంది. ఆ ఇంటి తాళంచెవి ఆవిడ కొంగుకే కట్టి ఉంది. చెవి ఉండి కూడా లోపలికి వెళ్ళలేని మనిషిని నేను చూడడం అదే మొదలు.

అప్పుడు మా తాతయ్య అరుగు దిగాడు. ఎవరితోనూ వాదించలేదు. తిన్నగా షెడ్డు దగ్గరికి వెళ్ళి, తాళం తీసి, కారుని బయటికి తెచ్చి ఎండలో, చెట్టు నీడ కూడా లేని చోట ఆపేశాడు. తర్వాత ఇల్లుగలాయన భుజం మీద చెయ్యేశాడు.

"నీ తప్పేటీ లేదు బావా. ఇలా నా సెడ్డులోకి తెచ్చీండి. ఇది ఇల్లేటి? కారుసెడ్డు. సెడ్డుకి నచ్చత్రాలేటి?"

ఎవరి నమ్మకాన్నీ కించపరచకుండా, ఎవరినీ దోషిని చెయ్యకుండా తలుపు తెరిచిన ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. మా నాయనమ్మ ఒక్క క్షణం తటపటాయించింది, నేను చూశాను. తర్వాత తనే బిందెలతో నీళ్ళు తెచ్చి గచ్చు మీది ఆయిలు మరకలు కడిగి, చాప పరిచి, తలవైపు దీపం పెట్టింది. అక్క ఆ దీపం పక్కన కూర్చుని అప్పుడు ఏడ్చింది, గుండె పగిలేలా. ఇల్లుగలాయన కూడా వచ్చి షెడ్డు గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

అన్నీ అయ్యాక అక్క పుట్టింటికి వెళ్ళిపోయే రోజున నన్ను దగ్గరికి తీసుకుని జడ వేసింది. "మా ఆయన వీధిలో ఉండిపోలేదమ్మా. నాకంతే చాలు" అంది.

షెడ్డు శుభ్రం చేయించాం, పసుపునీళ్ళు చల్లాం. ఇక కారు లోపలికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "లోపల దానికి గాలాడదమ్మా" అన్నాడు తాతయ్య. అది నిజమే అనుకున్నాను. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రం, ముసలాయనకి రివర్సు మర్చిపోయినట్టుంది అని నవ్వుకునేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

వానాకాలంలో వెనక వీధిలో అద్దెకున్న ఒక ముసలమ్మ పోయింది. ఆవిడ వాళ్ళు ఎవరినీ అడగలేదు, తిన్నగా మా షెడ్డుకే తెచ్చారు. తలుపులకి గడియే ఉంది, తాళం లేదు. తాతయ్య దాన్ని ఎప్పుడో తీసేశాడని ఆ రోజు గమనించాను. ఫలానా పనికి ఉంచానని ఆయన నోటితో అనలేదు. అలాంటి మాట పైకి అంటే కీడు పిలిచినట్టే కదా. అందుకే నెపం గాలి మీద పెట్టాడు. కారు డోరు అడుగున తుప్పు పట్టింది. పొద్దున్నే దాని మీద వేలు పెట్టి చూసుకుని, నిట్టూర్చి, తువ్వాలుతో తుడిచేవాడు. ఎంత ప్రేమో ఆ బండంటే.

ఇప్పుడు నేను మద్దిలపాలెంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈ వీధిలో ఇంటికో కారు, ఇంటికో షెడ్డు, కానీ చీకటిపడేసరికి కార్లన్నీ వీధిలోనే. ఒకరి షెడ్డులో కుట్టుమిషన్లు, ఒకరిదాంట్లో పాడైన కూలర్లు, మంచాలు. కారు అడ్డం తియ్యమని రోజూ తగువులే. మా షెడ్డు మాత్రం ఖాళీగా ఉంటుంది, కారేమో బయట. అద్దెవాళ్ళు లేని సందు ఇక్కడా లేదు.

మొన్న కారుకి గీత పడింది. "లోపల చోటుండగా బయటెందుకు అత్తయ్యా?" అని కోడలు నొచ్చుకుంటూ అడిగింది. కారణం చెబుదామని నోరు తెరిచాను. అలాంటి మాట పైకి అనకూడదుగా. "లోపల దానికి గాలాడదమ్మా" అన్నాను. రోజూ పొద్దున్నే ఆ గచ్చు నేనే తుడుస్తాను, తలుపు దగ్గరికి వేసి గడియ పెడతాను. తాళం మాత్రం వెయ్యను. చెయ్యి అటు వెళ్తే చాలు, అక్క కొంగున వేలాడిన ఆ తాళంచెవి గుర్తొస్తుంది.