ఊరికి ముందే దిగిన మనిషి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, చరిత్ర పంతులుగా చేరడానికి గుంటూరు నుంచి పెద్దముడియం వెళ్తున్నాను. జమ్మలమడుగులో బస్సెక్కి పుస్తకం తెరిచాను. పక్కన కూర్చున్న భారీ మనిషి అందులో ఆకుల కిరీటం పెట్టుకున్న వస్తాదు బొమ్మ చూసి, "ఈయప్ప ఎవురు అయివారూ?" అన్నాడు.

గ్రీకువాడని చెప్పాను. వాళ్లకు ఊరికొక రాజ్యమని, పందెంలో ఒకడు గెలిస్తే ఊరంతా గెలిచినట్టేనని, ఓడినవాడు మాత్రం సందుగొందుల్లో నక్కుతూ ఇల్లు చేరేవాడని చెప్పాను.

ఆయన ఆ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"మాకాడా అంతే. తిర్నాళ్లలో పందేనికి రాతిగుండు ఎత్తేటప్పుడు మనిషి పేరు పిలవరు, ఊరి పేరే పిలుస్తారు. ఈపొద్దు పెద్దముడియం అని పిలిచినారు. గుండు మోకాలు దాటలే. పోయినేడు నన్ను బుజాల మీద మోసినోళ్లకు మొగం యాట్ల సూపియ్యల్ల?"

ఊరు ఇంకా మైలుందనగా, "ఈడ ఆపప్పా!" అని డ్రైవరును కేకేశాడు. చేలకు అడ్డంపడి ఎవరి కంటా పడకుండా పోదామని ఆయన ఆలోచన.

తీరా దిగేసరికి జొన్నచేని గట్టున ఊరివాళ్లు డప్పుతో నిలబడి ఉన్నారు. ఆయన తల వంచుకున్నాడు.

"ముందు బస్సులోనే కబురొచ్చింది మామా. నువ్వు ఈడ దిగుతావని మాకు తెల్దా? పా, ఊరి నడుమనుంచే పోదాం," అన్నాడొకతను, ఆయన చెయ్యి పట్టుకుని.

ఆ గ్రీకు పాఠం ఆ తర్వాత ఎన్నేళ్లు చెప్పానో! ఓడినవాడి సందుగొందుల దాకా వచ్చినప్పుడల్లా నాకు ఆ డప్పే వినిపించేది.