పొద్దు గుంకినాక రొట్టె

ఇవాళ నాకు ఒక్కపొద్దు. మధ్యాహ్నం కింది వాటాలోంచి జీలకర్ర, పచ్చిమిరపకాయలు వేగే వాసన వచ్చేసరికి ప్రాణం అటే లాగింది. ధర్మవరంలో మా అవ్వ గుర్తొచ్చింది.

నా చిన్ననాటి రోజులవి. శనివారాలు ఒక్కపొద్దుండే అవ్వ మధ్యాహ్నం రొట్టె చేసేది. సామపిండిలో నూరిన పచ్చిమిరపకాయలు, జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన చెనక్కాయ పప్పులు కలిపి, తడిగుడ్డ మీద తట్టి, పెనం మీద వేసి, నడుమ వేలితో బొక్క పెట్టి నూనె పోసేది. ఉల్లిగడ్డ మాత్రం తగలనిచ్చేది కాదు. ఒక్కపొద్దు ఆమెది, రొట్టెలో సగం నాది.

ఒక శనివారం మధ్యాహ్నం దాటినా అవ్వ పొయ్యి వెలిగించలేదు. నేను వంటింటి గడప మీద అలిగి కూర్చున్నాను.

"రొట్టె యాడికీ పోదులేమ్మా. పొద్దు గుంకనీ," అంది.

"నీకు ఆకలి కాలేదా అవ్వా?"

"అవుతాండాది."

అవ్వ ముసలిదై వేళలు మరిచిపోతోందనుకున్నాను. మగ్గం దిగి వచ్చిన నాయనకు ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వాడు.

పొద్దు గుంకి, మసీదులో నమాజు పిలుపు వినిపించాకే పెనం పొయ్యెక్కింది. తొలి రొట్టె గోడ మీదుగా పక్కింటి ఖాసింబీ పెద్దమ్మకు వెళ్లింది. రంజాన్ నెల అది. ఆ ఇంట్లో పగలంతా మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు.

తొలి రొట్టె నాకు రాలేదని నాకు ఇంకా కోపం వచ్చింది.

మా రెండిళ్ల మధ్య గోడ నా ఎత్తు కూడా ఉండేది కాదు. వాసనను ఆపే గోడ కాదది.